అరటిపండు ఎవరు తెచ్చారు?

మకేనా సముద్రపు ఒడ్డుకి కాస్త దూరంలో రెండు కయాక్ తెడ్డు పడవలు పక్కపక్కనే ఊగుతున్నాయి. ఒకదాంట్లో యాత్రికులకు తాబేళ్లు చూపించే ఉలులానీ ఆంటీ, రెండోదాంట్లో ఆమెకు సాయపడే కుర్రాడు.

"గంటైంది ఆంటీ, ఒక్క తాబేలూ లేదు! పాపం మనతో వచ్చిన ఆ ముసలావిడ నీళ్లలో ఈదుతూ, ముఖం ముంచి వెతుకుతూనే ఉంది. రేపు పొద్దున్నే ఆవిడ విమానం."

"ఎవరో అరటిపండు తెచ్చారు. పడవలో అదుంటే సముద్రం ఏదీ చూపించదు."

"ఒడ్డునే అందరి సంచులూ గాలించావుగా. ఆవిడదైతే రెండుసార్లు!"

"మరి నీ నోట్లో ఏంట్రా?"

"పొద్దున నువ్విచ్చిన రొట్టె."

"అయితే?"

"మూడు అరటిపళ్లు పిసికి చేశావు కదా ఆంటీ."

"అయ్యో! మింగెయ్, తొందరగా!"

"మింగేశా... అదిగో, ఆవిడ చెయ్యి ఊపుతోంది! కిందే తాబేలు, ఎంత పెద్దదో!"

"హమ్మయ్య, చూసేసింది!"

"పైకొచ్చాక అరటిపండు ఎవరిదని అడిగితే?"

"ఉలులానీ ఆంటీదని చెప్పు. నేనే తెచ్చానని చెప్పు."