మా బావ చెయ్యని పాపాలు

దొంగా? మీ తాతా? ఎవరే నీకు ఆ మాట చెప్పింది? చర్చిలోనా. అయితే నిజమని నమ్మే చెప్పి ఉంటారు, వాళ్ళని తిట్టడానికి లేదు. ఇలా మంచం మీదికి రా, ఆ స్టూలుకి ఒక కాలు ఊగుతుంది, పడ్డావంటే మీ అమ్మ నన్నంటుంది. నీకు తాత, మీ అమ్మకి నాన్న, నాకు మాత్రం మా అక్క మొగుడు, మా బావ. బజారు మొత్తానికి మైకు బాబాయి. ఆయన దొంగతనం చెయ్యడమేంటే, సొంతింట్లో పంచదార డబ్బా మూత తియ్యాలన్నా మా అక్కని అడిగేవాడు. కోడి ఎదురొస్తే దారిచ్చి పక్కకి నిలబడేవాడు. ఒక కోడి అయితే రోజూ ఆయన కోసమే గుమ్మంలో కాపు కాసేది. నేను కొంచెం పెంచి చెప్తానని మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది, కానీ కోడి సంగతి నిజం.

మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఆయనది. గదంతా తీగ చుట్టలు, విప్పేసిన స్పీకర్లు, ఒకదాని నోట్లో ఒకటి దోపిన హారన్లు. పెళ్ళికీ ఆయనే, చావుకీ ఆయనే, ఏ పార్టీ మీటింగుకైనా ఆయనే. ఎవడు అరిచినా నా హారనుకి ఒకటే అనేవాడు. చావింటికి మాత్రం ఊరికే కట్టేవాడు, ఆదివారం చర్చికీ ఊరికే. చర్చి గోడ మీద హారను వీధి వైపు తిప్పి పెట్టాడు. లోపల పాస్టరు అయ్యగారు తుమ్మితే వీధి చివర టైలరు ఉలిక్కిపడి సూది గుచ్చుకునేవాడు. ఇప్పుడు అసలు సంగతి. ఆ చర్చిలో పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, సాక్ష్యాలు ఉండేవి. ఎవరో ఒకరు మైకు ముందుకొచ్చి, నేను ఇదివరకు ఇలాంటివాణ్ణి, ప్రభువు నన్ను ఇలా మార్చాడు అని చెప్పాలి. మాంసం కొట్టాయన చెప్తే వినాలి నువ్వు. తాగుడు, పెళ్ళాన్ని కొట్టడం, జైలు, జైల్లో ప్రభువు. జనం ఏడుపుకి బెంచీలు నానిపోయేవి, ఊడ్చే ఆవిడ మర్నాడు చీపురు మానేసి బకెట్టు తెచ్చుకునేది. అలాంటి ఆయన వెనకాల మా బావ లేచేవాడు. విశ్వాసుల ఇంట్లో పుట్టాను, చిన్నప్పటి నుంచీ ప్రభువు నన్ను కాపాడుతున్నాడు, స్తోత్రం. అంతే, అయిపోయింది. ఆవలింతలు. తల్లులు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళేది అప్పుడే. అయ్యగారు వాచీ చూసుకునేవారు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, నన్ను ప్రభువు ఏమీ మార్చలేదు, మార్చడానికి నాలో ఏమీ లేదు అని దిగులుపడేవాడు. ఒక్కొక్కళ్ళకి చేసిన పాపం దిగులు. ఈయనకి చెయ్యకపోవడం దిగులు.

ఒక ఆదివారం నోరు జారిందో, తనే జార్చాడో, నేనొకప్పుడు సిగరెట్టు కాల్చాను అనేశాడు. వెనక బెంచీలో ఎవరో అయ్యో ప్రభువా అన్నారు. ఆ అయ్యో ఆయన చెవిలో తేనె పోసినట్టు దిగింది. తర్వాత సిగరెట్టు పక్కన మందు చేరింది. మందు పక్కన పేకముక్కలు. ఆ పైన దొంగతనం. ఆఖరికి కత్తి. కత్తి బయటికొచ్చిన రోజు మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరిగెత్తింది, నవ్వాపుకోలేక. పాపం, ఆ రోజులు గుర్తొచ్చి ఏడుస్తోంది అనుకున్నారు జనం. ఇంటికొచ్చాక పట్టుకుంది ఆయన్ని. "తమరు దొంగతనానికి ఎప్పుడు వెళ్ళారండీ? చీకటి పడితే పెరట్లోకి వెళ్ళాలన్నా నేను తోడు రావాలి. అక్కడ కూడా లాంతరు నేనే పట్టుకున్నానా?" మా బావ సిగ్గుపడిపోయి, వాళ్ళు ఏడుస్తున్నారే, ఏడ్చి బాగుపడుతున్నారు అని గొణిగాడు.

నిజంగానే బాగుపడ్డారే, వచ్చిన చిక్కంతా అదే. మార్కెట్లో మూటలు మోసే అతనొకడుండేవాడు, అందరూ సీసా అని పిలిచేవాళ్ళు. ఎందుకో చెప్పక్కర్లేదుగా. ఒక ఆదివారం చర్చి గోడ పక్కన ఒళ్ళు తెలియకుండా పడున్నాడు. సరిగ్గా తల మీదే మా బావ హారను. కత్తి సాక్ష్యం మొదటి నుంచి చివరిదాకా చెవిలో పడింది. ఇంత ఘోరమైనవాణ్ణే ప్రభువు ఉంచుకుంటే నన్ను మాత్రం తరిమేస్తాడా అనుకుని, లేచి, మట్టి దులుపుకుని, వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. మళ్ళీ ముట్టలేదు. పేరు మాత్రం సీసాగానే ఉండిపోయింది, జనానికి మనిషి మారినా పాత పేరే రుచి. ఇది చూసి అయ్యగారు మా బావని చుట్టుపక్కల ప్రార్థన కూటాలన్నిటికీ తిప్పారు, సాక్ష్యం మొత్తం కేసెట్టు చేయించారు. అట్ట మీద మా బావ ఫొటో. ఫొటో తీసేవాడు కాస్త క్రూరంగా చూడండి అంటే తుమ్మొస్తున్నట్టు చూశాడు. అదే వేసేశారు.

అలా ఉండగా వార్డు ఎన్నికలొచ్చాయి. మా వీధికి మురుగుకాలవ ఉండేది కాదు. వానొస్తే వీధి నీళ్ళన్నీ ఇళ్ళల్లోకే. మంచాల కింద చెప్పులు పడవల్లా తిరిగేవి, పక్కింటి వాళ్ళ చాప ఈదుకుంటూ మా అక్క వంటింట్లోకి వచ్చి కూర్చునేది. నవ్వు, నవ్వు. ఇంకో మాట చెప్తాను, ఇందులో పెంచింది లేదు. ఆ నీళ్ళ వల్లే విరేచనాలు పట్టుకుని పక్కింటి పసిపిల్ల పోయింది. దాన్ని పూడ్చి వచ్చిన రోజు మా బావ కంచం ముట్టుకోలేదు. కౌన్సిలరు చూస్తే మా చర్చి మనిషే, ముందు బెంచీ, తెల్లచొక్కా, ఇంత లావు బైబిలు. కాలవ సంగతేంటండీ అని అడిగితే ప్రార్థన చేద్దాం అనేవాడు. ఆయన ప్రార్థన చేస్తే ప్రభువే పార పట్టుకొచ్చి తవ్వాలి కాబోలు. వీధంతా కలిసి మా బావని నిలబెట్టింది. ఏ చావింటికీ రానని అనని మనిషి కదా, ఓట్లు రాలతాయనుకున్నారు. ఆయనా ఈసారి బెదరలేదు. కాలవ తవ్వించాలి, అంతే అన్నాడు. ఆ వారం కోడి కూడా దారిచ్చిందంటే చూసుకో.

కౌన్సిలరు ఏం చేశాడనుకున్నావ్? తన ప్రచారం వ్యానుకి హారన్లు కావాలని మనిషిని నేరుగా మా బావ కొట్టుకే పంపాడు. మా అక్క ఇవ్వొద్దని మొత్తుకుంది. ఇంతకాలం అందరికీ ఇచ్చి ఇప్పుడీయనకి లేదంటే న్యాయం కాదని మా బావ తనే వ్యాను పైకెక్కి, హారన్లు బిగించి, ఉన్నవాటిలో మంచి బ్యాటరీ పెట్టి, ఫూ ఫూ అని ఊది, హలో హలో అని చూసి మరీ పంపాడు. వ్యాను మలుపు తిరిగిందో లేదో కేసెట్టు మొదలైంది. నేను దొంగని. నేను తాగుబోతుని. నా చేతిలో కత్తి ఉండేది. గొంతు ఆయనదే, హారను ఆయనదే, బ్యాటరీ కూడా ఆయనదే. ఎంత బాగా బిగించాడో ఏమో, ఒక్క మాట చెదరలేదు. ప్రభువు వచ్చి మార్చే చోటికి రాగానే టక్కున ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటి నుంచి వేసేవాళ్ళు. కొట్టు ముందు నిలబడి, చేతిలో స్క్రూడ్రైవరుతో, తన పాపాలన్నీ తనే విన్నాడు మా బావ.

ఎవరో తెలియనివాళ్ళు భయపడ్డారంటే సరే. ఆ సాక్ష్యానికే బెంచీలు తడిపిన మనుషులు, ఆయన్ని చూడగానే తలుపులు వేసుకున్నారు. పాటలు నేర్పే పంతులమ్మ మా అక్క చెయ్యి పట్టుకుని, ప్రభువు క్షమించాడమ్మా, మేమూ ఎప్పుడో క్షమించాం, కానీ ఓటు వేరు కదా అంది. ఆ పంతులమ్మ ఆ ముందు వారమే మా ఇంటి తాళం మా బావకిచ్చి ఊరెళ్ళొచ్చింది. అదే, వాళ్ళ ఇంటి తాళం, నా నోరు తిరగడం లేదు. ఇక మా అక్క ఊరుకోలేదు. ఆదివారం మైకు ముందు నిలబడి, నేను ఏమీ చెయ్యలేదు, గొప్పకి చెప్పుకున్నాను అని చెప్పెయ్యమంది. అప్పుడు అబద్ధాలకోరునంటారే అని ఆయన నసిగాడు. "అంటే అన్నారు. అబద్ధాలకోరు కౌన్సిలరైతే జనానికి కొత్తేం కాదు, కత్తి అంటేనే భయం" అంది. మా అక్కని నిలబెట్టాల్సింది ఎన్నికల్లో. సరేనని ఒప్పుకుని, కొట్లో ఒక చెడిపోయిన మైకు ముందు పెట్టుకుని మా బావ నిజం చెప్పడం సాధన చేశాడు. అబద్ధానికి ఎన్నడూ సాధన అక్కర్లేకపోయింది ఆయనకి.

నేను భోజనం కేరియరు పట్టుకెళ్ళేసరికి సీసా అక్కడున్నాడు. మూట దించి గుమ్మంలో పెట్టి, దాని మీద కూర్చుని, అన్నా, అదంతా అబద్ధమని వదిన అంటోందట, నిజంగానే చేశావు కదన్నా అని అడుగుతున్నాడు. చెయ్యకపోతే ఏమవుతుందిరా అన్నాడు మా బావ. సీసా కింద పడున్న హారను లోపలికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "రోజూ మందుకొట్టు ముందు నుంచే మూట మొయ్యాలన్నా. అక్కడికి రాగానే నిన్ను తలుచుకుంటా. అన్న అంత చేసి బయటపడ్డాడు, నేనెంత అనుకుని దాటేస్తా. నువ్వు ఏమీ చెయ్యలేదంటే ఇక అక్కడ నేనొక్కణ్ణే." మూట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు కేరియరు తెచ్చినట్టే వెనక్కి పట్టుకెళ్ళాను.

ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. కిటికీలకి మనుషులు గబ్బిలాల్లా వేలాడారు. గోడ మీద హారను, వీధంతా చెవులు. మా బావ వెళ్ళి మైకుని వేలితో తట్టాడు. ముందు బెంచీలో కౌన్సిలరు ఒళ్ళో బైబిలు పెట్టుకుని పసిపిల్లాడిలా కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి మా అక్క, చెప్పండి చెప్పండి అని కళ్ళతోనే పొడుస్తోంది. చివరి బెంచీలో సీసా, గడ్డం గీసుకుని, ముందు బెంచీ వీపుని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. మా బావ, నేను, అన్నాడు. మైకు కీచుమంది. గొంతు సవరించుకుని మళ్ళీ, నేను, అన్నాడు. చివరి బెంచీ వైపే చూస్తున్నాడు. "కేసెట్టులో ఉన్నదంతా నేను చేసిందే. చోటు చాలక కొన్ని చెప్పలేదు కూడా."

ఎన్నడూ లేనిది, ఒక్కరూ హల్లెలూయ అనలేదు. ముందు బెంచీలోంచి కౌన్సిలరు మాత్రం ఆమెన్ అన్నాడు, కడుపు నిండినవాడిలా.

ఓడిపోయాడా అని అడుగుతావేంటే. మా అక్క ఓటు వేసిందో లేదో అని కూడా ఆయనకి అనుమానమే. ఆవిడ ఆ ఆదివారం నుంచే ఆయనతో మాటలు మానేసింది, అడిగే దారీ లేదు. కాలవ రాలేదు. ఆ యేడు వానలకి ఎదురింటి పిల్లాడికి అదే రోగం పట్టుకుంది, చాలా రోజులు లాగి, ఎలాగో బతికాడు. వాడు మంచం మీద ఉన్నప్పుడే ఒక సాయంత్రం మళ్ళీ వాన. మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నేను, మా అక్క చెంబులతో తోడి బయటికి పోస్తున్నాం, మా బావ తట్టతో. ఉన్నట్టుండి తట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఇదివరకు చెప్పినవన్నీ గొప్పకే" అన్నాడు. "ఈ ఒక్క అబద్ధమే తెలిసి, ఆలోచించుకుని, దేవుడి ఎదుట నిలబడి ఆడాను. ఆ పిల్లాడికి ఏమన్నా అయితే అది కూడా నాదే. దీన్ని ఎక్కడికెళ్ళి ఒప్పుకోను?" మా అక్క అన్నాళ్ళ తర్వాత నోరు విప్పింది. ముందు ఆ నీళ్ళు తోడండి, అంది.

చూడు మరి. జీవితానికంతటికీ కలిపి అసలు సిసలు పాపం ఒక్కటే దొరికింది ఆ మనిషికి. సీసా చివరి బెంచీలో కూర్చుని వింటుంటే దాన్నే చెప్పుకోడానికి లేదు. ఆ తర్వాత ఆదివారాలు మైకు కట్టేసి వచ్చి సీసా పక్కనే కూర్చునేవాడు. సాక్ష్యాల వేళకి అయ్యగారు ఆశగా అటు చూసేవారు. మా బావ లేచేవాడు కాదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేస్తాడా అన్నట్టు...

ఏమీ లేదులే. బయట మబ్బు పట్టింది, వెళ్ళి ఆ బట్టలు తీసుకురా.