ఆల్డర్బీ కాబేజీకి ఆధారం

నువ్వు నమ్మవు. ముందే చెప్తున్నా, ఒట్టేసి మరీ చెప్తున్నా, నేను చెప్పేది నువ్వు నమ్మవుగాక నమ్మవు. నమ్మితే నాకే నీ మీద అనుమానమొస్తుంది. ఇలా బల్ల మీద నా పక్కకి జరుగు, ఆ అంచు తడిగా ఉంది. బస్సు దిగినవాళ్లంతా చర్చిని ఫోటోలు తీసుకుంటుంటే నువ్వొక్కడివే నా కాబేజీల వంక చూశావు, అందుకని చెప్తున్నా. నా పేరు క్లెమ్. బుధవారం బుధవారం ఈ ఆల్డర్బీ సంతలో కూరగాయల దుకాణం నాది, నాకు ముందు మా నాన్నది. నీకు టీ పోసిచ్చింది విన్నీ, ఈ టీ బండి ఆవిడది. ఎదురుగా చీజ్ కోస్తున్న బొద్దు మనిషి రోలీ. బల్ల చివర ఊలు అల్లుకుంటున్నావిడ హెస్టరమ్మ గారు, లైబ్రరీలో చేసి రిటైరయ్యారు. పాపం, నోట్లోంచి మాట రాదు.

"ఆ అబ్బాయిని టీ అన్నా తాగనివ్వు క్లెమ్."

తాగుతూ వింటాడులే విన్నీ, చెవులు ఖాళీగానే ఉన్నాయిగా. సంగతేంటంటే బాబూ, ఫోన్లో ఒక పెద్ద పుస్తకం ఉంటది చూడు, విజ్ఞాన సర్వస్వం అంటారే, లోకంలో ఉన్న ప్రతి ఊరికీ అందులో ఒక పేజీ, ఎవడైనా పోయి దిద్దొచ్చు. మా ఆల్డర్బీకీ ఉంది. చదువా, నాకెక్కడిది, బడికెళ్లిన దానికన్నా బడి గోడ దూకింది ఎక్కువ. అయినా ఒకరోజు బేరాల్లేక ఆ పేజీ చదివా. మా చర్చి సంతకి పడమట ఉందని రాసి ఉంది. నాకు మండింది. పొద్దున్నే నా బంగాళాదుంపల మీద నీడ పడేది ఎవరిది? ఆ చర్చిదే. పడమట ఉన్న చర్చి పొద్దున్న పూట నీడ ఇటెలా వేస్తుంది? తూర్పు అని దిద్దా. అంతే, మొదట నేను చేసింది అంతే. దేవుడి మీద ఒట్టు.

"ఇంతవరకూ నిజమేనబ్బాయ్. ఇక్కడితో లేచిపోతే మంచిది."

నువ్వు చీజ్ కోసుకో రోలీ. దిద్దాక కిందకి చూస్తే ఇంకో ముక్క ఉంది. ఇది ఒకప్పటి సంత ఊరు, పెద్ద మంచు పడిన ఏడాది సంత ఆగిపోయింది, అని. మరి ఇప్పుడు నువ్వు కూచున్నదెక్కడ, శ్మశానంలోనా? నవ్వి ఊరుకుందామంటే మా కౌన్సిల్ వాళ్లు ఆ ముక్కే పట్టుకున్నారు. మా సంతకి పాతకాలం రాజు ఇచ్చిన పత్రం ఉంది, వారం తప్పకుండా సంత జరిగినన్నాళ్లూ ఈ బయలు సంతదే అని. ఒక్క బుధవారం తప్పినా హక్కు పోద్ది. తప్పిందని పుస్తకమే చెప్తుంటే ఇంకేం, ఇక్కడ కార్లు నిలబెట్టుకునే చోటు చేద్దాం అన్నారు. ఈ సాయంత్రమే మీటింగు, చేతులెత్తి తేలుస్తారంట. ఎత్తారంటే విన్నీ ఈ బండి ఎక్కడ పెట్టుకోవాలి చెప్పు? అందుకని విన్నీ పొద్దున్నించీ గిన్నెల్ని అలా విసిరేస్తంది.

సరే, నేను రాశా. సంత ఏనాడూ ఆగలేదు, అని. పొద్దున్న చూస్తే కొట్టేసి ఉంది. ఆ పుస్తకానికి కాపలావాళ్లుంటారు బాబూ, జీతం లేదు, మొహం కనపడదు, అందరికీ మారుపేర్లు. మా పేజీని కాసేవాడి పేరు బూడిద కొంగ. కొట్టేసి, పక్కన రాస్తాడు, ఆధారం కావలెను, అని. ఏం కావలెను? నేను కావలెనా? నేనున్నాగా. ఉహూ, నేను చూశానంటే చెల్లదంట, ఎక్కడో అచ్చయి ఉండాలంట.

నాకు పంతం పుట్టింది. ఒట్టి సంత అంటే నమ్మడు, కాస్త బలంగా చెప్పాలి గదా అని కాబేజీ గురించి రాశా. ఆల్డర్బీ కాబేజీ పక్క ఊరినించి చూస్తే కనపడుతుంది, అని.

"పోయిన వారం చర్చి గోపురం మీంచి కనపడుతుందన్నావు."

అది చిన్నసైజు, రోలీ. ఆ పక్క ఊరు థోర్ప్‌వెల్ వాళ్లు అది చదివి మేడలెక్కి చూశారు, కనపడింది, ఏడుపుతో కిటికీలకి తెరలేసుకున్నారు. ఇప్పటికీ తియ్యలేదు, కావాలంటే పోయి చూడు. బూడిద కొంగ కొట్టేస్తాడు, నేను రాస్తా, వాడు కొట్టేస్తాడు, నేను ఇంకాస్త కలిపి రాస్తా. మా పేజీ పెరిగింది బాబూ. ఎంత పెరిగిందంటే దాన్ని తెరిచినవాళ్ల ఫోన్లు బరువెక్కిపోయాయి. మా ఫాదర్ గారు ఫోన్ జేబులో వేసుకుని ప్రసంగానికి లేస్తే జేబు తెగి గౌను మొత్తం ఒక పక్కకి జారిపోయింది. ఆదివారం పూట, అందరి ముందూ. ఒకాయన రైల్లో మా పేజీ మొదలెట్టి, తలెత్తి చూస్తే స్కాట్లండ్. దిగమంటే దిగనన్నాడంట, ఇంకా కాబేజీ దగ్గరే ఉన్నాను, ఊరి గడియారం గురించిన ముక్క దాకా కూడా రాలేదు అని.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పుస్తకంలో చోటు చాలక పారిస్ పేజీని మూలకి నెట్టారు. అక్కడి పెద్దమనిషి నాకు ఫోను. అయ్యా క్లెమ్ గారూ, మా నదికైనా కాస్త చోటు వదలండి, అని.

"ఫ్రెంచిలో మాట్లాడాడా?"

అడుగుతావనే అనుకున్నా విన్నీ. ఫ్రెంచిలోనే. కూరగాయలవాడికి భాషేంటి, బేరం ఏ భాషలోనైనా బేరమే. నదికి చోటిచ్చా, బదులు ఉల్లిపాయలు పంపిస్తానన్నాడు. ఇంకా రాలేదు. ఈ దెబ్బకి ఇక లాభం లేదని బూడిద కొంగ తనే బయల్దేరాడు. ఏంటి హెస్టరమ్మా, కుట్టు జారిందా? అల్లుకోండి, అల్లుకోండి. వచ్చాడు బాబూ, ఇదే బయల్లోకి, ఇదే బుధవారం పూట. ఏడడుగుల మనిషి, తెల్ల గుర్రమెక్కి. రైలెందుకు ఎక్కలేదంటే, పట్టలేదు. చంకలో ఎర్ర పెన్ను, పడవ తెడ్డంత. దిగీ దిగగానే ఉరిమాడు, కాబేజీకి ఆధారమేది, అని.

"ఆ రోజు నేనెక్కడున్నాను మరి?"

నువ్వు చీజ్ వెనకాల ఉన్నావు రోలీ, చీజ్ పెద్దది, కనపళ్లేదు. నేను ఒక కాబేజీ తీసి బల్ల మీద పెట్టి ఆకులు ఒలవడం మొదలెట్టా. ఒలుస్తూ ఉంటే మధ్యాహ్నమైంది. లోపలికి పోగా పోగా ఒక ఆకు వెనక కుందేళ్లు, ముసలీ ముతకా పిల్లా జెల్లా, తాతల నాటి నుంచీ అక్కడే కాపురమంట, తలుపు కొట్టకుండా వచ్చావేంటని నన్నే తిట్టాయి. కొంగ మొహం పాలిపోయింది. సరే, గడియారం సంగతేంటన్నాడు. అదిగో, పైకి చూడు బాబూ, మా గడియారం ఎప్పుడూ ముందుంటది. తప్పని రాశాడు వాడు. తప్పు కాదయ్యా, దేశమే వెనకబడింది, లండన్ వాళ్లు చీకట్లోనే వచ్చి మా గడియారం చూసుకుని పోయి అక్కడ ముల్లు తిప్పుకుంటారు, అన్నా. దానిక్కూడా ఊ అన్నాడు.

చివరికి అడిగాడు, మరి ఆ మంచు ఏడాది సంత జరగలేదంట కదా, అని. జరిగిందన్నా. మిగతావాళ్లు రాలేకపోయారు, దారులు మూసుకుపోయాయి. నాన్నకి జ్వరం. నేనే బల్ల ఈడ్చుకొచ్చి వేశా. ఎవరూ రాలేదు. సాయంత్రం ఒకమ్మాయొచ్చి ఒక కాబేజీ కొనుక్కుని పోయింది. మొహమంతా మఫ్లరు, కళ్లు తప్ప ఏం కనపళ్లేదు. సరే, అది వదిలెయ్, అందులో ఏముంది, మనం గుర్రం దగ్గరికొద్దాం. గుర్రం ఏం చేసిందనుకున్నావు? ఇటు మేం మాట్లాడుతుంటే అటు కాబేజీ రుచి మరిగింది. కొంగ కళ్లనీళ్లు పెట్టుకుని, క్లెమ్ గారూ మీరు రాసిందంతా అక్షరం ముక్క కొట్టెయ్యకుండా ఉంచుతానని చెయ్యి కలిపి గుర్రమెక్కబోతే, అది కదల్లేదు. నేను ఆల్డర్బీ వదిలి రాను అంది.

"అంది?"

సైగ చేసింది విన్నీ, మాట పట్టుకోకు. పాపం ఆ ఏడడుగుల మనిషి నడుచుకుంటూ లండన్ పోయాడు. గుర్రం ఇప్పటికీ...

"నేను గుర్రం ఎక్కలేదు క్లెమ్."

ఎవరన్నారా మాట? హెస్టరమ్మా, మీరా?

"గుర్రమెక్కలేదు. ఏడడుగులూ లేను. నీ కాబేజీ కొట్టేసింది మా ఇంట్లో, వంటగది బల్ల దగ్గర కూచుని. పిల్లి ఒళ్లో ఉంది."

రోలీ, ఆ నవ్వాపి చీజ్ కింద పడకుండా చూసుకో. అమ్మా, మీరా బూడిద కొంగ? పొద్దున్నే పక్కన కూచుని నా చేతి కాబేజీ కొనుక్కెళ్లి, రాత్రికి నా కాబేజీనే కొట్టేశారా? నా కడుపు కొట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. సంత పోతుంటే మీకేం అనిపించలేదా?

"అనిపించబట్టే కొట్టేశాను. ఆ పేజీని కౌన్సిల్ వాళ్లు చదువుతున్నారు క్లెమ్. నీ కుందేళ్లు అందులో ఉన్నంతసేపూ నీ మంచుని ఎవరూ నమ్మరు. పక్కపక్కనే పెట్టావు రెండూ."

మంచుదేముందమ్మా. అది ఒట్టి మాట.

"నువ్వు చెప్పినవాటన్నిట్లో పెంచకుండా చెప్పింది అదొక్కటే. ఇప్పుడు కూడా దాన్ని తొందరగా దాటించేసి గుర్రం దగ్గరికి పరిగెత్తావు. ఆ మఫ్లరు మా అక్క అల్లింది. దానికి ఒక చివర పోగులూడిపోయి ఉండేవి."

విన్నీ, ఆ టీ ఇంకొంచెం పొయ్యి. నాకు. ఆవిడక్కూడా. అమ్మా, ఆ అమ్మాయి మీరా? అన్నేళ్ల నుంచీ తెలిసి, సంత ఆగలేదని తెలిసి, నేను రాస్తే కొట్టేశారా?

"నేను చూశానంటే చెల్లదు. నువ్వు చూశావన్నా చెల్లదు. నీకు పెట్టిన రూలే నాకూను. చలికాలమంతా పాత పేపర్లు తిరగేశాను. ఆ ఏడాది జిల్లా పేపర్లో, లోపలి పేజీలో ఒక ఫోటో దొరికింది. మంచులో ఒక్క దుకాణం, దాని వెనక చెవుల దాకా టోపీ లాక్కున్న కుర్రాడు. ఆల్డర్బీ సంత జరిగింది, అని కింద ఒక్క ముక్క. నీ పేరు కూడా లేదు. నిన్న రాత్రి పేజీలో ఎక్కించాను. ఎవరూ కొట్టెయ్యలేరు దాన్ని. ఈ సాయంత్రం మీటింగులో పేపరు చూపిస్తాను."

చూశావా బాబూ, విన్నీ ఏడుస్తోంది. ఉల్లిపాయలు నా దుకాణంలో ఉన్నాయి విన్నీ, నీ బండిలో కాదు, ఎందుకా ఏడుపు. సరే అమ్మా. ఇక మీరున్నారుగా, నేనింకెందుకు.

"నువ్వూ రావాలి. ఫోటోలో కుర్రాడివి నువ్వేనని నిలబడి చెప్పాలి. నాలుగు ముక్కలు, అంతే. కుందేళ్లు రాకూడదు. పారిస్ రాకూడదు. ఒక్కటి కలిపావా, పేపర్లో ఉన్నదాన్ని కూడా అనుమానిస్తారు. చెయ్యగలవా?"

"వాడివల్ల కాదు."

ఎందుక్కాదు రోలీ? నా నోరు నా ఇష్టం.

"అయితే ఇప్పుడు చెప్పు క్లెమ్. మేం కౌన్సిల్ అనుకో."

వినండమ్మా. మంచు పడింది. బుధవారం. నేను దుకాణం పెట్టాను. ఒక కాబేజీ అమ్మాను.

"అక్కడ ఆగు. మీటింగులో కూడా అదే మాట."

ఆగా. చూశావా బాబూ, ఆగా. బానే ఉంది. నాలుక్కి చీమలు పాకుతున్నట్టుంది గానీ బానే ఉంది. సాయంత్రం ఇదే చెప్తా, ఇంతే చెప్తా, టోపీ చేత్తో పట్టుకుని, మా నాన్న మీద ఒట్టు. కానీ మీటింగుకి ఇంకా బోలెడు టైముందిగా. ఇక్కడ కౌన్సిల్ వాళ్లెవరూ లేరుగా.

"క్లెమ్."

ఒక్క మాటమ్మా, ఒక్కటే. బాబూ, ఆ మంచు ఎంతుందో నువ్వడగలేదేం? గోపురం మీద కోడిబొమ్మ కాళ్లెత్తి నిలబడింది, కాళ్లు తడుస్తాయని. కాబేజీ ఒక్కటేనని ఎందుకన్నాననుకున్నావు? ఊరికంతటికీ ఆ ఒక్కటి చాలేది కాబట్టి. దాన్ని మనిషి మొయ్యగలడా? అందుకే ఈవిడ తెల్ల గుర్రమేసుకుని వచ్చింది.

"నేను నడిచి వచ్చాను. నాకు బాగా గుర్తుంది."

మీకు గుర్తుంటే చెల్లదమ్మా, రూలు మీదే. ఫోటోలో నేనున్నా, బల్లుంది, మీరు లేరు. నడిచొచ్చినట్టు ఎక్కడన్నా అచ్చయిందా? లేదుగా. మరి గుర్రం మీద రాలేదని రుజువు చెయ్యండి, చూద్దాం. ఆధారం కావలెను.