తలుపు లెక్క

చెప్పుల దుకాణం ఎదుట, బస్టాప్‌లో కొత్త దంపతులు ఒకే గొడుగు కింద నిలబడ్డారు. అతను ఆ దుకాణంలో, ఆమె అదే కంపెనీ పెద్దాఫీసులో పనిచేస్తారు.

"మీ దుకాణం మూసేస్తున్నారండీ."

"ఎందుకు?"

"సాయంత్రాలు జనం తెగ వస్తున్నారట, ఎవరూ కొనట్లేదట. మీకు అమ్మడం చేతకాదని తేల్చేశారు."

"సాయంత్రాలు ఈగలు తోలుకుంటున్నాం. జనమెక్కడ?"

"తలుపు మీది యంత్రం, ఎవరు దాటినా గిరాకీ అనే లెక్కేస్తుంది. నా బస్సు వచ్చిందేమోనని మీరెన్నిసార్లు బయటికొస్తారు?"

"నువ్వు దిగేదాకా."

"ఆ జనమంతా మీరే."

"ఆ మాట వాళ్లతో చెప్పలేకపోయావా?"

"చెప్పాను. మొగుడి కోసం లెక్క మార్చమంటున్నావా అని నవ్వారు."

"దుకాణంలో నాతో పనిచేసే పెద్దాయనకి నేనేం చెప్పను? ఆయనకీ ఇదే ఉద్యోగం."

"నెలాఖరు దాకా తెరిచే ఉంటుంది. రేపట్నుంచి నా కోసం చూడకండి."

"చూస్తాను. ఎలాగూ మూసేస్తున్నారు, లెక్కలో జనం పెరిగితే మాత్రం ఇంకేం మూస్తారులే."