దుడ్లు కాదు, సొమ్ము

1957వ సంవత్సరం మే నెల 31వ తేదీ శుక్రవారం పగలు పదకొండు గంటలకు, ఆదోని తాలూకా కచేరిలో సబ్ మేజిస్ట్రేటు గారి ఎదుట ప్రమాణం చేసి చెప్పినది.

నా పేరు లక్ష్మప్ప. తండ్రి పేరు మద్దయ్య. వయస్సు పద్దెనిమిది సంవత్సరాలు. విద్యార్థి. స్వస్థలం ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేస్తాడు. నేను ఆదోనిలో హాస్టలులో ఉండి ఎస్.ఎస్.ఎల్.సి. చదువుతున్నాను. శనివారం సాయంత్రం బస్సులో ఊరికి పోయి సోమవారం ఉదయం తిరిగి వస్తాను. మా వీధిలో చదువు రానివాళ్లకు ఉత్తరాలు, అర్జీలు రాసి పెడతాను. అందుకు ఏమీ తీసుకోను.

ఈ కేసులో ముద్దాయి అయిన ఏసమ్మను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. కూలి పని చేస్తుంది. ఆమె భర్త సీమోను ఎనిమిదేండ్ల కింద బొంబాయికి పోయి, అక్కడి నుంచి ఓడలో ఏడెన్ రేవుకు పోయి, మూటలు మోసే పనిలో ఉన్నాడు. అతని ఉత్తరాలు ఆమెకు నేనే చదివి వినిపిస్తాను. అతను ఊరికి వచ్చేవాళ్ల చేత ఏటా ఒక వెండి బిళ్ళ, అంటే ఆ రేవులో చెల్లే పెద్ద నాణెం, పంపేవాడు. కాగితం నోటు పంపితే ఖర్చయిపోతుందని, బిళ్ళ అయితే మెడలో ఉంటుందని ఒక ఉత్తరంలో రాసినాడు. బిళ్ళ వచ్చినప్పుడల్లా ఏసమ్మ కంసాలి వీరభద్రయ్య దగ్గరికి పోయి, దానికి చిన్న వెండి రింగు అతికించుకొని నల్లదారానికి ఎక్కించుకొనేది. మొత్తం ఏడు బిళ్ళలు. ఒక వైపు ముసుగు వేసుకొన్న స్త్రీ తల ఉంటుంది. ఏసమ్మ ఆమెను మరియమ్మ తల్లి అంటుంది. అచ్చు అరిగిపోయినందువల్ల నేను పేరు చదవలేకపోయినాను.

ఇది పొదుపు కాదా అని తమరు అడిగినారు. పొదుపే. మా వైపు ఆడవాళ్ల పొదుపు మెడలోనే ఉంటుంది.

ఏప్రిల్ నెలలో కొత్త పైసలు వచ్చినాయి. పాత నాణెం ఎవరి దగ్గర కనపడినా సర్కారువాళ్లు లాక్కుంటారని మా ఊరి సంతలో ఒక పుకారు లేచింది. ఏప్రిల్ 21వ తేదీ ఆదివారం, ఈస్టరు పండుగ నాడు, పగలు మూడు గంటలకు ఏసమ్మ గుడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. నేను అరుగు మీద చదువుకుంటున్నాను. లోపల మా నాయన మగ్గం మీద ఉన్నాడు. ఏసమ్మ మెడలోని బిళ్ళల దండను కొంగుతో కప్పుకొని కూర్చొని, తహసీల్దారు గారికి ఒక అర్జీ రాయమని అడిగింది. ఆమె అన్న మాటలు ఇవి:

"ఇవి దుడ్లు కాదప్పా, సొమ్ము. ఆ మాట గెట్టిగా రాయి. దుడ్లు కాదు, సొమ్ము."

మా వైపు దుడ్లు అంటే డబ్బు. సొమ్ము అంటే నగ, ఒంటి మీద పెట్టుకొనే వస్తువు. ఇది నాకు బాగా తెలుసు. తెలియక చేసినానని నేను చెప్పడం లేదు.

నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. పత్రికలో, పాఠాల్లో నాకు నచ్చిన మాటలు అందులో రాసుకుంటాను. దాన్ని తమ ఎదుట దాఖలు చేస్తున్నాను. నలభై మూడవ పుటలో, ఏప్రిల్ 15వ తేదీ కింద, 'విదేశీ మారకద్రవ్యము' అని ఉంది. దాని ఎదురుగా 'ఇతర దేశముల నాణెములు, నోట్లు. దేశమునకు మిక్కిలి అవసరము' అని ఉంది. హాస్టలులో పత్రిక చదివేటప్పుడు ఆ మాట దొరికింది. ఆరు రోజులుగా దాన్ని ఎక్కడ వాడుదామా అని చూస్తున్నాను. ఏసమ్మ ఏడెన్ అనగానే నాకు ఆ మాట జ్ఞాపకం వచ్చింది.

నేను అర్జీలో ఇట్లా రాసినాను: 'నా పెనిమిటి ఏడెన్ నుండి పంపగా ఏడు సంవత్సరములుగా సంచయము చేసిన విదేశీ మారకద్రవ్యము ఏడు బిళ్ళలు నా స్వాధీనమందున్నవి. వానిని నాకు విడిచిపెట్ట ప్రార్థన.' సొమ్ము అనే మాట ఎక్కడా రాయలేదు. అది అర్జీకి తగిన మాట కాదనిపించింది. సంచయము అనే మాట నోటు పుస్తకంలో ముప్పై ఎనిమిదవ పుటలో ఉంది.

రాయడం అయిన తరువాత ఏసమ్మ, "ఏం రాసినావు, ఒకసారి సదువప్పా" అని అడిగింది. నేను, "పెద్ద మాటలక్కా, నీకు అర్థం కాదులే" అన్నాను. మా నాయన మగ్గం ఆపి, "మావోడు రాసినాడంటే తాసిల్దారు గూడా ఇంగొకరిని అర్థం అడగల్ల" అన్నాడు. ఏసమ్మ నవ్వింది. నవ్వుతూ వేలిముద్ర వేసింది. మరుసటి రోజు పదకొండు గంటలకు నేనే ఈ కచేరిలో అర్జీ ఇచ్చినాను.

మే 14వ తేదీ మంగళవారం ఉదయం సుమారు పది గంటలకు ఇన్‌స్పెక్టరు గారు, ఇద్దరు జవాన్లు ఏసమ్మ ఇంటికి వచ్చినారు. సెలవులు కాబట్టి నేను ఊళ్లోనే ఉన్నాను. పిలిస్తే పోయినాను. ఇన్‌స్పెక్టరు గారు గుంటూరు వైపువారని ఆయన మాటను బట్టి తెలిసింది. నా అర్జీ ఆయన చేతిలో ఉంది. ఆయన దండ చూపించి, "ఇది సొమ్మేనా?" అని అడిగినారు.

"సొమ్మే సామీ. నా సొమ్మే."

"ఎన్నేళ్ల నుంచి కూడబెట్టావు?"

"ఏడేండ్ల నుంచి."

ఇన్‌స్పెక్టరు గారు రాసుకొన్నారు. వారి వైపు సొమ్ము అంటే డబ్బు. ఆయన డబ్బా అని అడిగినారు. ఏసమ్మ నగ అని చెప్పింది. ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. నేను మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదని తమరు అడిగినారు. కొంత భయం. కొంత వేరే కారణం. ఒకే మాటకు రెండు వైపులా రెండు అర్థాలు ఉన్నాయని నోటు పుస్తకంలో రాసుకోవాలని ఆలోచిస్తూ నిలబడినాను. ఇంటికి పోయి రాసుకొన్నాను కూడా. యాభై రెండవ పుట.

దండ తల మీదుగా రాలేదు. ముడి విప్పడానికి రాలేదు. జవాను మా ఇంటి నుంచి కత్తెర తెప్పించి దారం కత్తిరించినాడు. అది మా నాయన నూలు కత్తిరించే కత్తెర. ఏడు బిళ్ళలు లెక్కపెట్టి గుడ్డ సంచిలో వేసి లక్క ముద్ర వేసినారు. ఏసమ్మ ఏడవలేదు. ఆమె మెడ కింద ఏడు తెల్లని గుండ్రని గుర్తులు ఉన్నాయి. ఎండ తగలని చోట్లు అవి. ఇప్పుడు నల్లబడుతున్నాయి. కనపడుతుండగానే తమరు చూడవలసిందని నా మనవి. బిళ్ళల వెనక వైపు కూడా చూడవలసిందని మనవి. ఒంటికి తగిలి అవి నున్నగా అరిగినాయి. పెట్టెలో దాచిన డబ్బయితే అట్లా అరగదు. రింగులు తానే అతికినానని వీరభద్రయ్య కూడా చెప్తాడు.

విదేశీ డబ్బును సర్కారుకు అప్పగించకుండా దాచుకోవడం నేరమని, అవి డబ్బని తేలితే దండ తిరిగి రాదని, ఆమెకు శిక్ష కూడా పడవచ్చునని జవాను చెప్పినాడు. సీమోను జూలైలో వస్తానని రాసినాడు. దండ భద్రంగా ఉందని అతనికి జవాబు రాయమని ఏసమ్మ నన్ను అడిగింది. ఆ ఉత్తరం నేను ఇంకా రాయలేదు.

ఒక సంగతి మిగిలింది. అర్జీ చివర, వేలిముద్రకు పైన, 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నది' అని ఉంది. అది నా చేతిరాత. నేను చదివి వినిపించలేదు. ఆ అర్జీలో మిగతావి తప్పు మాటలు. ఆ ఒక్కటి అబద్ధం. అబద్ధానికి పడే శిక్ష నాకు పడవలె.

నోటు పుస్తకం నాకు తిరిగి ఇవ్వనక్కరలేదు.

సంతకం చేయకముందు మేజిస్ట్రేటు గారి అనుమతితో, వరండాలో కూర్చొని ఉన్న ఏసమ్మను లోపలికి పిలిచి, ఇందులోని ప్రతి మాటా మా ఊరి మాటల్లో ఆమెకు చదివి వినిపించినాను. ఇరవై నిమిషాలు పట్టింది. అర్థమయిందా అని అడిగినాను. ఆమె చెప్పినది చెప్పినట్లు రాయమని గుమాస్తా గారిని కోరినాను:

"అంతా అర్థమయినాది. ఆ పొద్దు సదివింటే ఆ పొద్దే అర్థమయ్యేది కదప్పా."

పైన ఉన్నదంతా నేను నా నోటితో చెప్పినది, నిజమైనది. దీన్ని నేనూ విన్నాను, ఏసమ్మా విన్నది.

(సంతకం) లక్ష్మప్ప

విన్నందుకు ఏసమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర