ఆరో కంప్యూటర్‌ను ఆపమన్నది నేనే

ఈరోజు 2025 అక్టోబరు 28, మంగళవారం. ఎబో క్వాన్సా మనల్ని విడిచి వెళ్లి సరిగ్గా వారం. ఈ వారం రోజుల కూడికలో పోయినవారి గురించి మనసుకు తోచింది మాట్లాడటం మన అలవాటు. నేను మాత్రం రాసుకొచ్చి చదువుతున్నాను. కాగితం లేకపోతే ఒక సంగతి దాటేస్తానేమోనని నా భయం.

పెద్దలారా, తల్లులారా, పడవల యజమానులారా, ఎండలో ఇంతసేపు కూర్చున్నారు, మీకు నా నమస్కారం. మన్సా, తల ఎత్తమ్మా. నీ భర్త కోసం అపాం ఊరంతా వచ్చింది. మంగళవారం మనవాళ్లు సముద్రంలోకి పోరు కాబట్టి ఒక్క పడవ మనిషీ తప్పిపోలేదు. అతడు పుట్టింది మంగళవారం. పోయిందీ మంగళవారమే. చేసిన పనులన్నిటికీ కూడా మంగళవారాన్నే ఎంచుకున్నాడు. ఎందుకో మీకు తెలుసు. ఆ రోజు పడవల వాళ్ల జనరేటర్ ఖాళీగా ఉంటుంది, అడిగి తెచ్చుకోవచ్చు.

ఎబో నా దగ్గర చదువుకున్నాడు. లెక్కల పరీక్షలో రెండుసార్లు తప్పించాను. ఆ కోపం అతనికి లేదు కానీ, ఆ మాట మాత్రం మరిచిపోలేదు. ఈ ఏడాది ఏప్రిల్‌లో మన కాన్పుల ఆసుపత్రికి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కంప్యూటర్లను నడిపే ప్రోగ్రాం పాత వెర్షన్‌కు కాలం తీరుతోంది, అక్టోబరు 31 లోగా ఆరు కంప్యూటర్లకూ కొత్తది ఎక్కించాలి, లేకపోతే మన నివేదికలు తీసుకోరు. మొదటి కంప్యూటర్‌కు ఎక్కించబోతే, దీనికి అర్హత లేదని తెర మీద వచ్చింది. ఆసుపత్రి కమిటీ పెద్దగా నేను కంగారుపడ్డాను. మన కంప్యూటర్ల మంచీచెడూ చూసే ఎబో కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "టీచరమ్మా, మీరు నన్ను కూడా ఇలాగే రెండుసార్లు పంపేశారు. మూడోసారి పాసయ్యానా లేదా?" అన్నాడు. తొమ్మిది మంగళవారాలు కూర్చున్నాడు. ఎక్కడెక్కడి పాత కంప్యూటర్లనో విప్పి, వాటి భాగాలు తెచ్చి వీటికి అమర్చాడు. అయిదింటికి అర్హత తెప్పించి కొత్తది ఎక్కించాడు. అంత ఓపికను నేను బడిలో ఎందుకు చూడలేకపోయాను? ఇన్నేళ్లు పిల్లల్ని దిద్దిన నాకు ఎందుకు కనిపించలేదు?

ఇంకొక సంగతి. మూడేళ్ల కిందట మన ఆసుపత్రిలో తల్లుల వివరాలన్నీ నా చేతిరాత పుస్తకాల్లో ఉండేవి. పదకొండు పుస్తకాలు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానంటే నేను ఒప్పుకోలేదు. అతడు వాదించలేదు. నాలుగో పుస్తకం తెచ్చి నా ముందు తెరిచాడు. వాన నీరు దిగి ఇరవై పేజీలు ముద్దకట్టాయి. "ఈ ఇరవై పేజీల్లో ఎంతమంది అమ్మలున్నారో మీరే చెప్పండి" అన్నాడు. ఆ రోజే ఒప్పుకున్నాను. అయితే ఒక షరతు పెట్టాను. ఎవరి కడుపు సంగతి ఇంకొకరికి తెలియకూడదు, గట్టి తాళం వెయ్యమన్నాను. వేశాడు. నలభై ఎనిమిది అంకెల తాళం; రోజూ అడగదు, యంత్రం చెడినా నకలు తెరవాలన్నా అడుగుతుంది. ఆ అంకెలను ఆసుపత్రిలో రాసిపెట్టవద్దు, ఇంట్లోనూ పెట్టవద్దు అన్నాను. సరేనన్నాడు. ఎక్కడ పెట్టావని నేను అడగలేదు. అడగకపోవడమే కట్టుదిట్టమనుకున్నాను. నా పుస్తకాలు రాయడం కూడా ఆ నెలతోనే మానేశాను.

ఇప్పుడు దాటేయకూడదనుకున్న సంగతికి వస్తున్నాను.

కిందటి మంగళవారం ఆరో కంప్యూటర్ వంతు. దానికీ అర్హత వచ్చింది. తల్లుల వివరాలన్నీ ఉన్నది దానిలోనే. పద్దెనిమిది వందల నలభై రెండు మంది. ఎబో ముందుగా వాటి నకలు తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఒంటిగంటకు పని మొదలుపెట్టాడు. నాలుగు గంటలకు కరెంటు పోతుందని పట్టికలో ఉంది. మధ్యలో ఆగితే యంత్రం పాతదీ కాదు, కొత్తదీ కాదు, ఎటూ కాకుండా పోతుందని మాకు చెప్పి, జనరేటర్‌కు పెట్రోలు తేవడానికి బండి మీద వెళ్లాడు. "వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి. ఆకలేస్తే నా కెంకీ ముద్ద తినండి, దాన్ని మాత్రం ముట్టుకోకండి" అన్నాడు.

మూడు గంటల పది నిమిషాలకు కబురు వచ్చింది. మలుపు దగ్గర లారీ.

మన పేటలో చావు కబురు చెవిన పడగానే ఇంట్లో మోగేవీ తిరిగేవీ అన్నీ ఆపేస్తాం. రేడియో ఆపుతాం, పిండిమర ఆపుతాం. మా అమ్మ నేర్పింది, నేను మీకు నేర్పాను. ఆ క్షణంలో నేను అదే అన్నాను. అన్నీ ఆపెయ్యండి అన్నాను. నర్సమ్మ ఎకువా చెయ్యి స్విచ్ దగ్గరే ఆగిపోయింది. "టీచరమ్మా, ఆరోది ఇంకా అవుతోంది" అంది. నేను అన్న మాట ఉన్నదున్నట్టు చెబుతున్నాను. "మనిషే పోయాడు, యంత్రం ఎందుకు?" అన్నాను. అప్పుడు తెర మీద అరవై ఒక్క శాతం ఉంది.

ఎవరూ ఎకువాను అనవద్దు. ఆపమన్నది నేనే. అతడు దేన్ని ఆపకూడదని రోడ్డెక్కాడో, దాన్ని అతని మీది గౌరవంతో నేనే ఆపించాను. మన్సా, ఈ మాట ఇంకొకరి నోట వినే ముందు నా నోట వినాలని వచ్చాను.

తర్వాత మళ్లీ వేశాం. పాతదాన్ని తిరిగి తెస్తున్నాం, ఆపవద్దు అని తెర మీద వచ్చింది. ఒక చక్రం తిరుగుతోంది. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్‌తో నడుపుతున్నాం, ఏడు రోజులుగా అదే చక్రం. విన్నెబా పట్నం నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ చూసి, అది కోలుకుంటోందో లేదో తాను చెప్పలేనన్నాడు. సంచిలోని నకలు గీత పడకుండా దొరికింది. దానికీ అదే తాళం. ఆ అంకెల కోసం మన్సా ఇల్లంతా వెతికింది. దొరకదు, ఎందుకంటే ఇంట్లో పెట్టవద్దన్నది నేను.

రాబోయే నెల రోజుల్లో కాన్పుకు ఉన్నవాళ్లు పంతొమ్మిది మంది. వారిలో ఒకరిది సులువుగా దొరకని నెగటివ్ రక్తం అని ఎకువాకు గుర్తుంది. ఎవరిదో గుర్తులేదు. పరీక్ష చేసే మందు మన దగ్గర అయిపోయింది. నాకు డెబ్భై ఎనిమిదేళ్లు. ఇంత చేతకానితనం నేను ఎన్నడూ ఎరగను.

అందుకే చేయవలసినవి రాసుకొచ్చాను.

1. పంతొమ్మిది మందీ రేపు ఉదయం ఏడు గంటలకు రక్తపరీక్షకు విన్నెబా వెళ్లాలి. పడవల వాళ్లు రెండు వ్యాన్లు పంపాలి.

2. ప్రతి తల్లీ తనకు గుర్తున్నది వచ్చి చెప్పాలి. నేను పన్నెండో పుస్తకం తెరిచాను. గుర్తులేనిదాన్ని ఊహించి చెప్పవద్దు.

3. ఎబో ఫోనో రేడియోనో బాగుచేయడానికి వచ్చి, మీలో ఎవరికైనా ఒక కాగితం దాచమని ఇచ్చాడేమో చూడండి. బైబిల్లో, వలల పెట్టెలో, గోడ మీది పటం వెనక వెతకండి. నలభై ఎనిమిది అంకెలు. అతడు చెప్పిన మాట వినే మనిషి. నాతో చెప్పకుండా ఎవరో ఒకరిని నమ్మే ఉంటాడు.

4. ఇప్పుడు అందరూ లేచి ఎబో కోసం ఒక నిమిషం మౌనంగా నిలబడండి. మూయవలసింది నోళ్లు మాత్రమే. వెనక మోగుతున్న జనరేటర్ ఆ గదికే వెళుతోంది. దాని మీద ఎవరూ చెయ్యి వేయవద్దు.