తల్లి లోపలే ఉంది

పిల్లల వార్డు జాలీ తలుపు. లోపల డ్యూటీ సిస్టర్ రాజకుమారి, బయట లంబాలైన్‌లో జాలర్ల ఇంటి నుంచి వచ్చిన సాయిలక్ష్మి. పోర్ట్ బ్లెయిర్‌లో ఫ్లూ మొదలైన దగ్గర్నుంచి ఆ తలుపుకి రెండు వైపులా ఉన్నవాళ్ళు అలిసిపోయే ఉన్నారు.

"మళ్ళీ నువ్వేనా? చెప్పాను కదమ్మా, ఒక బిడ్డకి ఒకే మనిషి. అదీ తల్లి. బస్."

"తల్లిని నానే సిస్టర్."

"తల్లి లోపలే ఉంది."

"లోపలున్నాది మాయత్త."

"అరే, ఎవరి పిల్లాడి గురించి మాట్లాడుతున్నావు నువ్వు?"

"గణపతి. మూడేళ్ళోడు. నిన్న సాయంత్రం మాయత్త ఎత్తుకొచ్చి జాయిన్ సేసినాది. తాతమ్మని, ఆవిడ పేరు."

"గణపతి... ఆఁ, కిటికీ పక్క మంచం. ఆక్సిజన్ పెట్టాం వాడికి. తల్లి తాతమ్మ. మాకు చెప్పింది అదే."

"ఎవురు సెప్పినారు?"

"వాడే చెప్పాడు! నిన్న వాణ్ణి జాయిన్ చేసుకున్న సిస్టర్ కేరళావిడ. 'మమ్మీ కౌన్ హై' అని అడిగితే వాడు తాతమ్మ మెడ పట్టుకుని 'అమ్మా' అన్నాడట. ఇంకేం అడుగుతుంది?"

"మొకం సూసినా తెల్దా సిస్టర్? యాభై దాటిన మనిషి."

"రేవులో ఎండకి మాడిన మొహాలమ్మా మీవి. ముప్పయ్యో యాభయ్యో ఎవరు చెప్పగలరు? దాని మీద మాస్కొకటి."

"మరి నా మొకం సూడండి."

"నాకు ఎవరి మొహమూ ఆనట్లేదు. నిన్నటి నుంచి ఇంటికి పోలేదు నేను. పొద్దున్న ఒకామె పిన్నినంటుంది, ఒకాయన మేనమామనంటాడు, హట్ బే నుంచి షిప్ దిగి ఓ కుటుంబం సామాన్లతో సహా తిన్నగా ఇక్కడికే వచ్చింది. ఆ బోర్డు చూడవూ? ఇంతింత అక్షరాలు."

"దాని మీద తెలుగు లేదు కదా సిస్టర్."

"ఉంటే చదువుతావా?"

"ఏడో కలాసులో మానిపించేసినారు. కూడబలుక్కుని సదూతాను."

"నయమే నువ్వు. నేను అదీ చదవలేను. పుట్టింది ఇక్కడే, చదివింది హిందీలో. మాట్లాడ్డమే మా ఇంట్లో తెలుగు."

"సిస్టర్, దీదీ, ఒక్కపాలి లోపలికి వదలండి. ఆణ్ణి సూసి ఎల్లిపోతాను."

"చూసి వెళ్ళిపోవడాలు లేవు. వచ్చేవాళ్ళు జబ్బు తెస్తున్నారు, పోయేవాళ్ళు పట్టుకుపోతున్నారు. మీ ఆయన్ని రమ్మను, నేను మాట్లాడతాను."

"యేటకెల్లినాడు. డింగీ తిరిగి ఒడ్డుకొస్తే గాని ఫోన్ తగల్దు."

"ఇంకెవరూ లేరా ఇంట్లో?"

"మరుదులు అన్నతోటే ఎల్లినారు. ఆడపడుసు పనికెల్లింది."

"ఒక మాట అడుగుతాను. నిజంగా నీ కొడుకే అయితే, నిన్న వాడికి ఊపిరి ఎగపోస్తుంటే నువ్వెక్కడున్నావు?"

"ఇంటికాడే."

"ఇంట్లో ఉండి రాలేదా?"

"రానేకపోనాను."

"ఏం పని అంత?"

"ఏదో... కుదర్లేదు సిస్టర్. మాయత్తని అడగండి. ఆవిడే సెప్తాది."

"అడగలేదనుకున్నావా? పొద్దున్న రౌండ్స్‌కి వచ్చినప్పుడు డాక్టర్ గారే అడిగారు, బచ్చే కీ మా ఆప్ హీ హైఁ అని. తల్లివి నువ్వేనా అన్న మాటకి తల ఊపింది."

"హిందీలో అడిగినారా?"

"ఆయనకి హిందీయే వచ్చు."

"అయ్యో, ఆవిడకి రాదండి! ఓడెక్కి ఈ దీవుల్లో దిగి రెండేళ్ళే అయినాది. ఎవరేటన్నా తలూపేస్తాది. మొన్న బజార్లో ఎవుడో కిలో యాభైకి ఇస్తావా అంటే వంజరం ముక్కలకి తలూపేసినాది. మీరు తెలుగులో అడగండి."

"అడుగుతాను. లేచాక. ఇప్పుడే కళ్ళు మూసింది పాపం. రాత్రంతా వాడు పడుకోనిస్తేనా?"

"ఏడిసినాడా?"

"ఏడుపా! వార్డు వార్డంతా లేచి కూర్చుంది."

"అమ్మ కావాలనా?"

"అమ్మ పక్కనే ఉందిగా. వాడికి వదిన కావాలట."

"వదిన కావాలన్నాడా?"

"వదినా, వదినా, వదినొస్తాదా అని ఒకటే పాట. మూతికి పెట్టిన మాస్కు లాగేసి మరీ. అన్న పెళ్ళాం ఎవరో బాగా చేరదీసినట్టుంది. ఆఖరికి నేనే కోప్పడ్డాను. తండ్రులకే దారిలేని చోట నీ వదినకి ఎక్కడ్రా నాన్నా తలుపు తీసేది అన్నాను. అప్పుడు నోరు మూశాడు. అటు తిరిగి పడుకున్నాడు గాని... ఏమ్మా? ఏమైంది? కింద కాదు, ఆ బెంచీ మీద కూర్చో. లే."

"ఆడికి అన్న లేడు సిస్టర్."

"మరి వదిన?"

"మరుదులూ, ఆడపడుసూ నన్ను వదినా అంటారు. తెల్లారితే ఇంట్లో అదే కేక. వదినా గంజెయ్యి, వదినా నా సొక్కా ఏదీ. మాయత్తని అందరూ అమ్మా అంటారు. ఆడికి మాటలొచ్చేసరికి ఆడూ అదే అన్నాడు. ముద్దుగుందని నవ్వుకున్నాం. మాన్పించలేదు."

"అంటే, ఆ వదిన..."

"నానే."

"ఇందాకట్నుంచి ఈ మాట ఎందుకు చెప్పలేదే పిల్లా?"

"ఏటని సెప్పీది? కన్నకొడుకు నన్ను వదినంటాడు, లోపలికి వదలండి అంటే వదుల్తారా?"

"వదలను. నవ్వుతాను. అయ్యో రామా... వదిన కావాలని ఏడ్చిన పిల్లాడి నోరు మూయించాను గదే నేను. ఉండు, తాళం తీస్తున్నాను. మీ అత్తని లేపుతాను, ఇంటికెళ్ళి నడుం వాలుస్తుంది. ఏదీ, రూలు కాబట్టి నుదురు ఇటు పెట్టు."

"అదెందుకండి?"

"జొరం చూడొద్దూ? భయపడకు, తుపాకీలా ఉన్నా పేలదులే. హుఁ, తొంభై ఎనిమిది. ఠీక్ హై. చెప్పులు అక్కడే వదిలెయ్."

"లేసినాడా ఆడు?"

"నీ గొంతు విన్నాడేమో, లేచి కూర్చున్నాడు. అదిగో, ఇటే చూస్తున్నాడు. కనిపిస్తున్నాడా?"

"కనపడతన్నాడు. సిక్కిపోనాడు."

"చేతులు చాపుతున్నాడు చూడు. ఒరేయ్ గణపతీ, వచ్చిందిరా మీ వదిన! దా, నడు."

"ఆ పక్క మంచం మీద, ఆ సంటిది?"

"దానికింకా ఏడాది నిండలేదు. దానికీ ఊపిరి అందట్లేదు. వాళ్ళమ్మ ఉందిలే, నీకెందుకు? నడవమ్మా. ఇంతసేపూ తలుపు విరగ్గొట్టేలా ఉన్నావు, ఇప్పుడు గుమ్మంలో నిలబడిపోయావేంటి?"

"ఎత్తుకోగానే మూతి మీద ముద్దెడతాడు సిస్టర్. అలవాటు ఆడికి."

"పెట్టనీ. ఎవరొద్దన్నారు?"

"తలుపెయ్యండి."

"ఏంటీ?"

"తలుపేసెయ్యండి సిస్టర్. నిన్నట్నుంచి నాకు జొరం, పొద్దున్న నూట రెండుంది. ఇక్కడ మిసనెడతారని తెలిసి, బిళ్ళలు మింగొచ్చినాను."