రెప్పల రోగం

కమ్యూనిస్టు దళాల వేటకు మిలిట్రీ వచ్చిన ఏడు, నల్లగొండ దిక్కున ఒక గొల్లకురుమల ఇంట్లో, తెల్లారగానే అత్త వేడినీళ్లలో పిండిన గుడ్డను కోడలి మూసిన రెప్పల మీద పెట్టింది.

"కాలుతుందా బిడ్డా?"

"ఏమో అత్తా. ఏం తెలుస్తలేదు."

"పుసి నానాలె. నానినంక వెంట్రుకల మొదట్ల మెల్లగ తుడుస్త. నువ్వు నలపకు."

"జర కాటుక పెట్టరాదు? వాపు కనపడదు."

"కాటుకతోనే గింత ముదిరింది. వద్దు."

"ఇయ్యాల మళ్ల క్యాంపుకు రమ్మన్నరు. ఎవలి కోసం ఏడ్చినవని అడిగితే?"

"మూడేండ్ల సంది రెప్పల రోగమని చెప్పు. అబద్ధం గాదు గదా."

"నిన్న శవం మీది గొంగడి తీసి చూపిచ్చిండ్రు. ఎవలో ఎరుక లేదని చెప్పిన. గొంగడికి నేనేసిన కుట్టు కనపడుతనే ఉండె."

"నేను గూడ గదే అన్న. వాడు నా పెద్దకొడుకని తెలిస్తే నీ మరిదిని గూడ పట్టుకపోతరు."

"నాదంటే రోగం. నీ కండ్లెందుకు ఉబ్బినయని అడిగితే?"

"నీది నాకు అంటిందని చెప్త."

"గిది అంటుకునే రోగం గాదని వైద్యుడు చెప్పిండు గదా అత్తా."

అత్త గుడ్డను మళ్లీ వేడినీళ్లలో ముంచి పిండింది.

"వాళ్లకు తెల్వదు. ఇగ దీన్ని నా రెప్పల మీద పెట్టు."